92 ఆటల్లో 9 ఓటములు, 13 ఆటల్లో 11

అర్బన్ మేయర్ 2012 నుంచి 2018 వరకు ఓహాయో స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు హెడ్ కోచ్. ఆ ఏడు సీజన్లలో 83 ఆటలు గెలిచాడు, 9 ఓడాడు. 2021 జనవరిలో జాక్సన్‌విల్ జాగ్వార్స్ అనే ప్రొఫెషనల్ జట్టు అతణ్ణి తెచ్చుకుంది. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా 13 ఆటలు జరిగితే 11 ఓడిపోయాడు. ఏడేళ్ళలో మూటగట్టుకోనన్ని ఓటములు మూడు నెలల్లో మూటగట్టుకున్నాడు. డిసెంబర్ 16న అర్ధరాత్రి దాటాక జట్టు యజమాని షాద్ ఖాన్ అతణ్ణి తొలగించాడు. సీజన్‌లో ఇంకా నాలుగు ఆటలు మిగిలే ఉన్నాయి.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని, కోలబంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట. ఆ దేశంలో దానికి రెండు లోకాలున్నాయి. శనివారం కాలేజీలది, ఆదివారం ఎన్ఎఫ్ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్‌ది. కాలేజీ ఆట అంటే చిన్నదనుకోవద్దు. ఓహాయో స్టేట్ స్టేడియంలో లక్ష మందికి పైగా కూర్చుంటారు. ఆ యూనివర్సిటీ ఉన్న కొలంబస్‌కు ఎమ్మెస్ చదవడానికి వెళ్ళిన మన విద్యార్థులు మొదటి శనివారం ఊరంతా ఎర్రచొక్కాలతో నిండిపోవడం చూసి ఏదో జాతర అనుకుంటే తప్పేమీ లేదు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఖాతాలో అత్యధిక జీతం అందుకునే ఉద్యోగి గవర్నర్ కాదు, యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్.

అలాంటి సింహాసనం దిగి ఎన్ఎఫ్ఎల్‌కు వెళ్ళి భంగపడినవాళ్ళలో మేయర్ మొదటివాడు కాదు. 1976లో లూ హోల్ట్జ్ న్యూయార్క్ జెట్స్‌తో 3 గెలిచి 10 ఓడి, చివరి ఆట ఉండగానే రాజీనామా చేశాడు. ప్రొఫెషనల్ ఆటగాళ్ళ చేత పాడించడానికి అతడు ఒక జట్టు పాట కూడా రాశాడంటే, ఎక్కడికి వచ్చాడో ఎంత తెలియకుండా వచ్చాడో ఊహించవచ్చు. ఫ్లోరిడా యూనివర్సిటీని పన్నెండేళ్ళు ఏలిన స్టీవ్ స్పరియర్ 2002లో అప్పటికి రికార్డు జీతంతో వాషింగ్టన్‌కు వచ్చి, రెండు సీజన్లలో 12 గెలిచి 20 ఓడి ఇంటికెళ్ళాడు. బాబీ పెట్రినో 2007లో అట్లాంటాలో 13 ఆటలకే చాలించుకున్నాడు. ఆటగాళ్ళతో ముఖాముఖి చెప్పకుండా లాకర్ల దగ్గర నాలుగు వాక్యాల చీటీ పెట్టి ఆర్కన్సా యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. టెంపుల్, బేలర్ యూనివర్సిటీల జట్లను నిలబెట్టిన మ్యాట్ రూల్ ఎన్ఎఫ్ఎల్ జట్టు కరోలినా పాంథర్స్‌లో 11 గెలిచి 27 ఓడి, 2022 అక్టోబర్‌లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

దీనికి టీవీ స్టూడియోల్లో ఎప్పుడూ వినిపించే కారణం ఒకటుంది: కాలేజీ ఎత్తుగడలు పై స్థాయిలో పారవు, అక్కడి రక్షకులు మరీ వేగం, మరీ తెలివి. వినడానికి సబబుగానే ఉంటుంది కానీ ఆధారాలు ఒప్పుకోవు. చిప్ కెల్లీ సంగతే చూడండి. ఆరెగాన్ యూనివర్సిటీలో నాలుగేళ్ళలో 46 గెలిచి 7 మాత్రమే ఓడినవాడు. ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వకుండా ఒక ఎత్తు వెంట మరో ఎత్తు వేయించడం అతని పద్ధతి. 2013లో ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు వచ్చేటప్పటికి ఆ జట్టు ముందు ఏడాది 16 ఆటల్లో 4 గెలిచింది. కెల్లీ మొదటి ఏడాదే 10 గెలిపించాడు, రెండో ఏడాది మళ్ళీ 10. ఎత్తుగడలు పారకపోతే ఇది జరిగేది కాదు. అతను కూలింది 2015లో. ఆ జనవరిలో ఆటగాళ్ళను కొనే, అమ్మే అధికారం మొత్తం చేతికి వచ్చింది. పరుగులవీరుడు లెషాన్ మెకాయ్‌ని బఫలోకు ఇచ్చేశాడు, ఆట నడిపిస్తూ బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ నిక్ ఫోల్స్‌ని మార్చి శామ్ బ్రాడ్‌ఫర్డ్‌ని తెచ్చాడు. 6 గెలిచి 9 ఓడాక డిసెంబర్ 29న తొలగించారు. అతను పోయిన రెండేళ్ళకు అదే ఈగల్స్ ఎన్ఎఫ్ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది. ఆ గెలుపులో కాలేజీ మైదానాల్లో పుట్టిన ఎత్తులకు పెద్ద పాత్ర ఉంది. క్వార్టర్‌బ్యాక్‌గా ఆడింది కెల్లీ అమ్మేసిన ఆ నిక్ ఫోల్సే. ఎత్తులు కాలేజీ నుంచి నిక్షేపంగా వచ్చాయి. రాలేకపోయింది కోచ్.

అందుకే నేను వెతికేది బోర్డు మీద గీసే గీతల్లో కాదు, ఆ కోచ్ చేతిలో కాలేజీలో ఏ అధికారాలు ఉండేవి, ఇక్కడ అవి ఎవరి చేతిలో ఉన్నాయి అన్నదాంట్లో.

అన్నిటికన్నా పెద్ద అధికారం ఆటగాళ్ళను ఎంచుకోవడం. కాలేజీ కోచ్ అసలు పని మైదానంలో కాదు, పదహారు, పదిహేడేళ్ళ హైస్కూలు కుర్రాళ్ళ ఇళ్ళల్లో, వాళ్ళ తల్లిదండ్రుల ఎదుట సోఫాలో జరుగుతుంది. దీన్ని రిక్రూటింగ్ అంటారు. 2024 వరకు ఒక్కో పెద్ద కాలేజీకి 85 పూర్తి స్కాలర్‌షిప్పులు ఇచ్చుకునే వీలుండేది. పై అంచెలో 130కి పైగా జట్లున్నా దేశంలోని మేటి కుర్రాళ్ళలో అత్యధికులు డజను కాలేజీలకే చేరతారు. గెలిచే చోటికే వెళ్తారు, వాళ్ళు వెళ్ళడం వల్ల ఆ చోటు మళ్ళీ గెలుస్తుంది. కార్పొరేట్ జూనియర్ కాలేజీల వ్యవహారం తెలిసిన మనకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. పదో తరగతిలో ముందున్న పిల్లల్ని ఫీజు రాయితీతో ఏరుకుని, రెండేళ్ళకు వాళ్ళ ర్యాంకుల్ని పేపర్లో పూర్తి పేజీ వేయించుకోవడం లాంటిదే. అక్కడ చదువు చెప్పరని కాదు. కానీ ఆ ర్యాంకులో సగం, అడ్మిషన్ల రోజునే ఖాయమైపోయి ఉంటుంది.

ఈ సమృద్ధి ఎంతటిదో తెలియాలంటే మేయర్ ఓహాయో స్టేట్‌తో జాతీయ టైటిల్ గెలిచిన 2014 సీజన్ చూడాలి. క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టుకు మెదడు, చెయ్యీ రెండూ. ఆ ఏడాది మొదటి ఎంపిక బ్రాక్స్‌టన్ మిల్లర్ సీజన్ మొదలుకాక ముందే భుజం దెబ్బతిని తప్పుకున్నాడు. రెండోవాడు జె.టి. బారెట్ జట్టును నవంబర్ చివరి దాకా లాక్కొచ్చి, మిషిగన్‌తో ఆటలో చీలమండ విరగ్గొట్టుకున్నాడు. మిగిలింది మూడోవాడు, అంతకుముందు ఒక్క ఆట కూడా మొదటి నుంచి ఆడని కార్డేల్ జోన్స్. అతనితో విస్కాన్సిన్‌ను 59-0తో, అలబామాను 42-35తో, ఫైనల్‌లో ఆరెగాన్‌ను 42-20తో ఓడించారు. దీన్ని గొప్ప కోచింగ్‌గా చెప్పుకున్నారు, కాదని నేనూ అనను. అయితే మూడో వరుసలో కూడా దేశాన్ని గెలవగల కుర్రాడు కూర్చుని ఉండటం ఏ పాఠ్యపుస్తకంలోని వ్యూహమూ కాదు. అది మూడేళ్ళ ముందు నుంచి చేసిన రిక్రూటింగ్ ఫలితం. ఎన్ఎఫ్ఎల్‌లో మొదటి క్వార్టర్‌బ్యాక్ కాలు విరిగితే చాలా జట్లకు సీజన్ అక్కడితో సరి. మూడోవాడిదాకా వచ్చిందంటే అభిమానులు వచ్చే ఏడాది గురించి మాట్లాడుకోవడం మొదలుపెడతారు.

పైగా కాలేజీ కోచ్ ప్రత్యర్థుల్లో కొందరిని కూడా ఎంచుకుంటాడు. సెప్టెంబర్‌లో చిన్న కాలేజీలు పెద్ద స్టేడియాలకు వచ్చి, డబ్బు పుచ్చుకుని, చిత్తుగా ఓడి వెళ్తాయి. ఆ డబ్బుతో వాళ్ళ క్రీడా విభాగం గడుస్తుంది, పెద్ద కోచ్ లెక్కలో మూడు గెలుపులు పడతాయి.

ఎన్ఎఫ్ఎల్ దీన్నంతా తలకిందులు చేయడానికే నిర్మించిన యంత్రం. 32 జట్లు, జట్టుకు 53 మంది. అందరికీ ఒకే జీతాల పరిమితి, 2021లో అది 18 కోట్ల 25 లక్షల డాలర్లు. కాలేజీల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, ముందు ఏడాది అధ్వానంగా ఆడిన జట్టుకే మొదటి అవకాశం. అంటే ఇక్కడ గెలిస్తే మంచి కుర్రాళ్ళు రారు, ఓడితే వస్తారు. కాలేజీలో గెలుపును పెంచి పోషించిన చక్రం ఇక్కడ ఎదురు తిరుగుతుంది. మేయర్‌కు ఈ సంగతి రెండో ఆటకే అర్థమైనట్టుంది. డెన్వర్ చేతిలో ఓడిన రోజు, ఇక్కడ ప్రతి వారమూ కాలేజీల్లో మేటి జట్టయిన అలబామాతో ఆడినట్టే ఉందని అతను తనతో అన్నాడని ప్రత్యర్థి కోచ్ విక్ ఫాంజియో తర్వాత బయటపెట్టాడు.

న్యాయంగా చెప్పాలంటే మేయర్‌కు దక్కింది మంచి జట్టు కాదు. 2020లో జాగ్వార్స్ 16 ఆటల్లో 15 ఓడింది. అయితే ఆ ఓటములకు బహుమానంగా డ్రాఫ్ట్ మొదటి ఎంపిక వచ్చింది, దాంతో ట్రెవర్ లారెన్స్‌ను తీసుకున్నారు. ఏళ్ళ తరబడి ఇలాంటి క్వార్టర్‌బ్యాక్ రాలేదని అందరూ అన్న కుర్రాడు. ఆ మొదటి సీజన్‌లో లారెన్స్ 12 టచ్‌డౌన్లు (ఈ ఆటలో గోల్ లాంటివి) విసిరి, 17 సార్లు బంతిని ప్రత్యర్థుల చేతుల్లో పెట్టాడు. మరుసటి ఏడాది కొత్త కోచ్ కింద అదే లారెన్స్ 25 టచ్‌డౌన్లు విసిరాడు, ప్రత్యర్థులకు చిక్కినవి 8. జట్టు 9 గెలిచి తన డివిజన్ (నాలుగు జట్ల గుంపు) టైటిల్ కొట్టింది. ప్లేఆఫ్స్ అనే నాకౌట్ దశలో 27-0తో వెనకబడి కూడా లాస్ ఏంజెలెస్ చార్జర్స్‌ను 31-30తో ఓడించింది.

ఆ కొత్త కోచ్ పేరు డగ్ పీడర్సన్. ఫిలడెల్ఫియాలో చిప్ కెల్లీ పోయాక వచ్చి సూపర్ బౌల్ గెలిపించినదీ అతనే. ఇద్దరు కాలేజీ మహారాజుల తర్వాతా వచ్చి ఇల్లు సర్దినవాడు ఒక్కడే కావడం కాకతాళీయమే కావచ్చు. కానీ అతని పూర్వాపరాలు చూడండి. లీగ్‌లో ఏళ్ళ తరబడి రెండో క్వార్టర్‌బ్యాక్‌గా బెంచీ మీద కూర్చున్నవాడు. ఆ తర్వాత హైస్కూలు జట్టుకు, ఆపైన ఎన్ఎఫ్ఎల్ జట్లలో సహాయకుడిగా పనిచేశాడు. కాలేజీ హెడ్ కోచ్‌గా ఒక్క రోజు చేయలేదు. డ్రెస్సింగ్ రూమ్‌లో ముప్పై ఏళ్ళ మనిషి అలిగితే ఏమవుతుందో బెంచీ మీది నుంచి చూసి నేర్చుకున్నాడు. (ఆ తర్వాత అతనికీ జాక్సన్‌విల్‌లో 2025 జనవరిలో ఉద్వాసన తప్పలేదు. ఆ లీగ్‌లో ఎవరి వైభవమూ ఎక్కువకాలం నిలవదు.)

ఇక రెండో అధికారం, మనుషుల మీద. ఓహాయో స్టేట్‌లో కొత్తగా చేరిన కుర్రాడి హెల్మెట్ మీద నల్ల చార అంటించే పద్ధతి మేయర్ తెచ్చాడు. ప్రాక్టీసులో తన విలువ నిరూపించుకున్నాక ఆ చారను అందరి ముందూ తీసేస్తారు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఆ చార కోసం ప్రాణం పెడతాడు, ఎందుకంటే అతని స్కాలర్‌షిప్, ఆట, ఎన్ఎఫ్ఎల్ కల అన్నీ ఆ ఒక్క మనిషి చేతిలో ఉన్నాయి. ప్రొఫెషనల్ ఆటగాడి దగ్గర ఒప్పందం ఉంది, ఏజెంటు ఉన్నాడు, సంఘం ఉంది. ఎంతసేపు ప్రాక్టీసు చేయించాలి, ఎన్నిసార్లు ఒకరినొకరు గుద్దుకోనివ్వాలి అన్నవి కూడా సంఘంతో కుదిరిన ఒప్పందంలో రాసి ఉంటాయి. 2021 వేసవి ప్రాక్టీసుల్లో ఆ హద్దు దాటినందుకు లీగ్ మేయర్‌కు లక్ష డాలర్లు, జట్టుకు రెండు లక్షల డాలర్లు జరిమానా వేసింది. ఒక్క ఆట కూడా ఆడకముందే.

ఆ తర్వాత వరసగా జరిగినవన్నీ ఒకే వేరు నుంచి మొలిచినవి. సెప్టెంబర్ 30న సిన్సినాటిలో ఓడాక జట్టుతో పాటు విమానం ఎక్కకుండా మేయర్ ఓహాయోలోనే ఆగిపోయాడు. కొలంబస్‌లోని ఒక బారులో ఒక యువతితో ఉన్న వీడియో బయటికొచ్చింది. పత్రికలన్నీ వీడియో గురించి రాశాయి. నాకు మాత్రం విమానమే ముఖ్యంగా కనిపిస్తుంది. ఓడిన జట్టును వదిలి కోచ్ సొంతూరి వైపు వెళ్ళడం ఎన్ఎఫ్ఎల్‌లో కనీవినీ ఎరగని పని. కాలేజీలో అయితే అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఇక్కడ యజమాని బహిరంగ ప్రకటన చేశాడు: మా నమ్మకాన్నీ గౌరవాన్నీ మళ్ళీ సంపాదించుకోవాలి అని. డిసెంబర్‌లో జేమ్స్ రాబిన్‌సన్ అనే మంచి రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) బంతి జారవిడిస్తే చాలాసేపు బెంచీ మీద కూర్చోబెట్టారు. కాలేజీలో ఇది మామూలు శిక్ష, బెంచీలో అంతటివాళ్ళు ఇంకో ముగ్గురుంటారు కనుక. జాక్సన్‌విల్‌లో అంతటివాడు ఇంకొకడు లేడు. ఇరవై రెండేళ్ళ లారెన్స్ విలేఖరుల ముందు నిలబడి, రాబిన్‌సన్ మా మేటి ఆటగాళ్ళలో ఒకడు, మైదానంలో ఉండాల్సినవాడు అని చెప్పాడు. నాకు తెలిసి మేయర్ ఉద్యోగం నిజంగా ముగిసింది ఆ రోజే. వారం తర్వాత జట్టు మాజీ కికర్ (బంతిని కాలితో తన్నే ఆటగాడు) జాష్ లాంబో, వార్మప్ సమయంలో కోచ్ తనను తన్నాడని ఆరోపించాడు. మేయర్ దాన్ని ఖండించాడు. అప్పటికే తీర్పు ఇవ్వడానికి ఎవరికీ ఓపిక లేదు.

మరొకటి తక్కువగా చెప్పుకునేది: ఓటమిని భరించే శక్తి. 2024కు ముందు కాలేజీలో ఏడాదికి ఒక్క ఓటమి టైటిల్ ఆశల్ని గండంలో పడేసేది, రెండోది చాలాసార్లు ముంచేసేది. అలాంటి చోట ఎదిగినవాడికి ఓటమి జబ్బులా తగులుతుంది. మేయర్ విషయంలో ఇది అలంకారం కూడా కాదు. 2009 డిసెంబర్‌లో ఫ్లోరిడా కోచ్‌గా అలబామా చేతిలో ఓడాక అతను ఛాతీ నొప్పితో ఆసుపత్రిలో చేరాడు, ఆ నెలలోనే రాజీనామా ప్రకటించి వెనక్కి తీసుకున్నాడు, మరో ఏడాదికి నిజంగానే తప్పుకున్నాడు. ఎన్ఎఫ్ఎల్‌లో డివిజన్ గెలిచిన జట్టు కూడా ఎనిమిది ఆటలు ఓడవచ్చు, పీడర్సన్ జట్టు ఓడింది కూడా. ఆదివారం ఓడి, సోమవారం వీడియో చూసి, బుధవారానికి మామూలు మనిషిగా పనిలోకి రాగలగడం అక్కడ ఉద్యోగార్హత.

ఇదంతా మేయర్ స్వభావ దోషమే కదా అనేవాళ్ళకు నిక్ సేబన్ కథ అడ్డం వస్తుంది. సేబన్ క్రమశిక్షణకు మారుపేరు. పైగా ఎన్ఎఫ్ఎల్ తెలియనివాడు కాదు, 1990ల మొదట్లో క్లీవ్‌లాండ్‌లో బిల్ బెలిచిక్ దగ్గర డిఫెన్స్ నడిపాడు. 2005లో మయామి డాల్ఫిన్స్‌కు హెడ్ కోచ్‌గా వచ్చి 9 గెలిచాడు, మరుసటి ఏడాది 6. మొత్తం 15 గెలుపులు, 17 ఓటములు. 2006లో అతనికి క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ కావాలనిపించింది, కానీ భుజం శస్త్రచికిత్స తర్వాత బ్రీస్ కోలుకోవడంపై జట్టు వైద్యులు సందేహపడ్డారు. బదులుగా డాంటె కల్పెపర్‌ను తెచ్చుకున్నారు. బ్రీస్ న్యూ ఆర్లియన్స్‌కు వెళ్ళి చరిత్ర సృష్టించాడు, కల్పెపర్ నాలుగు ఆటలకే బెంచీ ఎక్కాడు. కోచ్ ఇష్టపడిన ఆటగాణ్ణి ఇంకొకరి అభిప్రాయం ఆపగలగడం సేబన్‌కు కొత్త అనుభవం. డిసెంబర్‌లో నేను అలబామాకు వెళ్ళడం లేదని విలేఖరులకు తెగేసి చెప్పాడు, జనవరి 3న వెళ్ళాడు. అక్కడ ఆరు జాతీయ టైటిళ్ళు గెలిచాడు. మనిషి మారలేదు, కుర్చీ మారింది.

గెలిచినవాళ్ళు లేరా? ఉన్నారు. పీట్ కారల్, జిమ్ హార్బా ఇద్దరూ కాలేజీ నుంచి వచ్చి నిలదొక్కుకున్నారు. అయితే కారల్ అంతకుముందే ఎన్ఎఫ్ఎల్‌లో రెండు చోట్ల ఉద్వాసన రుచి చూసినవాడు, హార్బా పద్నాలుగు సీజన్లు అక్కడ క్వార్టర్‌బ్యాక్‌గా ఆడినవాడు. వీళ్ళు ఇంటికి తిరిగొచ్చినవాళ్ళు. అసలు మినహాయింపు జిమ్మీ జాన్సన్. మయామి యూనివర్సిటీ నుంచి 1989లో డాలస్‌కు వచ్చి మొదటి ఏడాది 1 గెలిచి 15 ఓడాడు. ఆ సీజన్ మధ్యలోనే జట్టులో ఉన్న ఒకే ఒక్క తార హెర్షెల్ వాకర్‌ను మినెసోటాకు ఇచ్చేసి, బదులుగా ఆటగాళ్ళనూ డ్రాఫ్ట్ ఎంపికలనూ కుప్పలుగా పుచ్చుకున్నాడు. వాటితో 1992, 1993 సీజన్ల సూపర్ బౌల్స్ గెలిచాడు. మరో విధంగా చెప్పాలంటే అతను కాలేజీ సమృద్ధిని ఎన్ఎఫ్ఎల్‌లో మళ్ళీ తయారు చేసుకున్నాడు. జీతాల పరిమితి మొదలైంది 1994లో. అతను డాలస్ వదిలిందీ ఆ ఏడాదే. ఆ దారి ఇప్పుడు అంత సులువుగా తెరుచుకోదు.

మరి యజమానులు పదే పదే ఎందుకు పొరబడతారు? నా అనుమానం, వాళ్ళు కొనేది కోచ్‌ని కాదు, గెలుపు శాతాన్ని. కాలేజీల్లో మొత్తం 187 గెలిచి 32 ఓడిన మేయర్ ఎదుట కూర్చుంటే, ఆ 187లో ఎన్ని ఆటలు కుర్రాళ్ళు కాలేజీలతో సంతకాలు చేసే ఫిబ్రవరిలోనే గెలిచినవో విడదీసి చూసే ఓపిక ఎవరికుంటుంది? టికెట్లు కొనేవాళ్ళకు తెలిసిన పేరు కావడం అదనపు ఆకర్షణ.

ఇటీవల ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. 2021లో కాలేజీ ఆటగాళ్ళకు తమ పేరు మీద డబ్బు సంపాదించుకునే హక్కు వచ్చింది, ఒక ఏడాది ఆటకు దూరంగా కూర్చోకుండానే వేరే కాలేజీకి మారే వీలూ వచ్చింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో ఒక్కో యూనివర్సిటీకి 2025-26లో సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఆటగాళ్ళకు నేరుగా చెల్లించే వీలు వచ్చింది. కాలేజీ కోచ్ చేతిలోని కర్ర ఇలా చేజారింది. సేబన్ 2024 జనవరిలో రిటైరయ్యాడు. తర్వాతి నెలలో చిప్ కెల్లీ, అప్పటికి లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏకు హెడ్ కోచ్, ఆ కుర్చీ వదిలి ఓహాయో స్టేట్‌లో తన పూర్వ శిష్యుడు రయాన్ డే కింద ఎత్తుగడలు మాత్రమే చూసే సహాయకుడిగా చేరాడు. హోదాలో ఇది దిగుడే. కానీ 2025 జనవరిలో ఆ జట్టు జాతీయ టైటిల్ గెలిచింది. దాంతో లాస్ వేగాస్ రైడర్స్ అతణ్ణి అదే హోదాలో ఎన్ఎఫ్ఎల్‌కు పిలిచింది, పీట్ కారల్ కింద. 11 ఆటలకు నవంబర్‌లో పంపించేసింది. ఓహాయో స్టేట్‌లో అతని ఎత్తులకు ప్రాణం పోసిన మెరికల్లాంటి కుర్రాళ్ళు రైడర్స్‌లో లేరు. బలహీనమైన అడ్డుగోడ వెనక క్వార్టర్‌బ్యాక్ నేలకూలుతుంటే ఏ ఎత్తయినా కాగితం మీదే ఉంటుంది.

ఎదురు దారిలో వెళ్ళినవాడి సంగతి మరీ విచిత్రం. హెడ్ కోచ్‌గా ఆరు సూపర్ బౌల్స్ గెలిచిన బెలిచిక్ 2024 డిసెంబర్‌లో, 72 ఏళ్ళ వయసులో, మొదటిసారి కాలేజీ ఉద్యోగం పట్టాడు, నార్త్ కరోలినా యూనివర్సిటీలో. కాలేజీ ఆట ఎన్ఎఫ్ఎల్‌లా మారుతోంది కనుక ఎన్ఎఫ్ఎల్ గురువే సరైనవాడన్నది లెక్క. ఆరంభ ఆటలోనే టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ 48-14తో ఓడించింది. సీజన్ ముగిసేటప్పటికి 4 గెలుపులు, 8 ఓటములు. జీతాల పరిమితి, డ్రాఫ్ట్ లాంటి సమం చేసే కట్టుబాట్లు ఉన్న చోట అందరికన్నా తెలివిగా బేరమాడి గెలిచిన మనిషి, అవి లేని చోట పదిహేడేళ్ళ కుర్రాళ్ళనూ వాళ్ళ కుటుంబాలనూ ఒప్పించాల్సి వచ్చింది. మేయర్‌కు జాక్సన్‌విల్‌లో పనికిరాకుండా పోయిన విద్య సరిగ్గా అదే.